రాకాసి గుళ్లు ఉన్నయి సరే, ఊరు ఏది?

పోస్టు కొంచెం పెద్దది. ఊరికి పోయే బస్సులో తీరిగ్గా చదవండి.

మేడారం వైపు తిరిగేవాళ్లలో చాలామందికి దామరవాయి పేరు తెలుసు. తాడ్వాయి మండలంలో, అడవి మధ్యన గుట్ట మీద వందకు పైగా రాతి గూళ్లు ఉన్నాయి. చుట్టూ ఇసుకరాతి పలకలు నిలబెట్టి, పైన పెద్ద బండను కప్పుగా పెట్టారు. మన పెద్దలు రాకాసి గుళ్లు అంటరు. పుస్తకాల్లో డోల్మెన్లు, బృహత్ శిలా సమాధులు అని ఉంటుంది. సుమారు రెండు మూడు వేల ఏళ్ల కిందటి ఇనుప యుగం మనుషుల సమాధులని పురావస్తు శాస్త్రవేత్తల అంచనా. గోదావరి వెంట పోతే మల్లూరు, జానంపేటలలో, లోపలికి పోతే గుండాల మండలం కాచనపల్లి, దొంగతోగు వైపు కూడా ఇలాంటివే ఉన్నాయి.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. మేం అడిగేది ఒక్కటే. చచ్చినవాళ్లకు ఇంత గట్టి ఇల్లు కట్టిన మనుషులు, బతికినన్నాళ్లు ఎక్కడ ఉన్నరు? వాళ్ల ఊరు ఏది? పొయ్యి ఎక్కడ రాజేసిన్రు, పశువులను ఎక్కడ కట్టేసిన్రు, నీళ్లు ఎక్కడి నుంచి మోసుకొచ్చిన్రు?

మేం ఏజెన్సీ ఊర్ల నుంచి వచ్చి వరంగల్, హనుమకొండ హాస్టళ్లలో, అద్దె రూముల్లో ఉండి చదువుకునే కొంతమందిమి. ఒకరిద్దరిది హిస్టరీ, ఒకరిది జియాలజీ, మిగతావాళ్లవి వేరే వేరే కోర్సులు. ఏడాదిగా ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివినం, తిరిగినం. తెలిసింది తెలిసినట్టు మీ ముందు పెడుతున్నం.

ముందుగా, ఈ రాళ్ల గురించి మొదట రాసినవాళ్ల సంగతి. 1860లలో త్రికోణమితి సర్వేలో పనిచేసే మల్హెరన్ అనే ఆయనకు గోదావరి ఒడ్డు అడవుల్లో ఈ గూళ్లు కనిపించాయి. కాటాపూర్, మల్లూరు దగ్గర రాతి శిలువల లాంటివి కూడా చూసి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల ఆధారంగా జేమ్స్ ఫెర్గూసన్ 1872లో వేసిన పుస్తకంలో వీటి గురించి రాశాడు. శిలువ ఉంది కాబట్టి ఇవి క్రైస్తవుల గుర్తులే, కాబట్టి ఈ గూళ్లు కూడా మరీ పాతవి కావు అన్నాడు. ఇప్పుడు పరిశోధకులు వాటిని చేతులు చాచిన మనిషి ఆకారపు రాళ్లుగా చూస్తున్నారు. రాయి అదే, చూసే కన్ను మారింది. ఒక్క రాయిని విడిగా చూసి మూలాలు చెప్పబోతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఈ ఒక్క కథ చాలు.

అదే రాయిని మిగతా రాళ్లతో, నీటితో, గుట్టతో కలిపి చూస్తే ప్రశ్నలు మారతాయి. గూళ్లు వరుసగా ఉన్నాయా, గుంపులుగా ఉన్నాయా? ఒక్కో గుంపు ఒక్కో ఇంటిపేరు వాళ్లదా? పెద్దవి పైన, చిన్నవి కింద ఉన్నాయా? దగ్గర్లో వాగు ఎంత దూరం? వీటిలో ఏ ప్రశ్నకూ గడ్డపార అక్కర్లేదు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో అట్లనే జరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యులు కె.పి. రావు గారు అక్కడి నిలువు రాళ్ల వరుసలను కొలిచి, సూర్యుడు పొడిచే, గూకే దిక్కులతో పోల్చి చూశారు. ఆ రాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

తవ్వడం తప్పు అని మేం అనడం లేదు. తవ్వకం లేకుండా వయసు చెప్పడం కష్టం. కానీ ఒక చోటును ఒక్కసారే తవ్వగలం. తవ్వినంక ఆ పొర మళ్లీ రాదు. చదివిన పేజీని చదివినట్టే చింపేసే పుస్తకం అది. పైగా మన దగ్గర తవ్వినవాళ్లందరూ శాస్త్రవేత్తలు కారు. గుప్త నిధుల పిచ్చితో రాత్రిపూట వచ్చి కప్పు బండలు దొర్లించి పోయినవాళ్లు ఉన్నారు. అందుకే మన ఊర్లలో ఎవరైనా కొత్తవాళ్లు టేపు పట్టుకుని కనిపిస్తే పెద్దలు భయపడతరు. "పెద్దలు పండుకున్నరు బిడ్డా, లేపకుండ్రి" అంటరు. ఆ మాటను మూఢనమ్మకం అని కొట్టిపారేయడం తేలిక. కానీ నేలను గాయపరచకుండా చూడాలనే పద్ధతి ఈ రోజు ప్రపంచమంతా పెరుగుతోంది. మన అవ్వలు చెప్పే మాట దానికి దూరమేం కాదు.

తవ్వకుండా ఎట్ల చూస్తరు? మన ఊర్లలో బోరు వేసే ముందు జియాలజిస్టు వచ్చి నాలుగు ఇనుప కడ్డీలు పాతి, వైర్లు గుంజి, డబ్బాలో అంకెలు చూడటం మీరు చూసే ఉంటరు. నేలలోకి కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోతుందో కొలుస్తాడు. తడి ఉన్న చోట తేలిగ్గా పోతుంది, గట్టి రాయి ఉన్న చోట పోదు. పాత ఊరు వెతికేటప్పుడూ ఇదే పద్ధతి. కాకపోతే కడ్డీలు దగ్గర దగ్గరగా పెట్టి, మీటరు రెండు మీటర్ల లోతు చూస్తే చాలు. పూడిపోయిన కందకం తడి పట్టుకుని ఒక తీరుగా, రాతి గోడ ఇంకో తీరుగా కనిపిస్తాయి. ఎండాకాలం నేల ఎండి బీటలు వారినప్పుడు ఈ పద్ధతి సరిగా పనిచేయదు.

రెండోది మాగ్నెటోమీటర్. మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మట్టిలో సన్నటి ఇనుప రేణువులు ఉంటాయి. పొయ్యి రోజూ మండితే కింద మట్టి ఎర్రగా కాలుతుంది. బాగా కాలి చల్లారేటప్పుడు ఆ రేణువులు ఆ నాటి భూమి అయస్కాంత దిక్కును పట్టుకుని అట్లనే ఉండిపోతాయి. ఇల్లు కూలినా, పైన వాన మట్టి కప్పినా, పొయ్యి కాలిన గుర్తు పోదు. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలం 40,000 నానోటెస్లాలకు పైనే. పొయ్యి వల్ల వచ్చే తేడా కొన్ని నానోటెస్లాల నుంచి కొన్ని పదుల వరకు ఉంటుంది. అంత చిన్న తేడాను పట్టాలంటే పరికరం మోసే మనిషి ఒంటి మీద ఇనుము ఉండొద్దు. బెల్టు బకిల్, తాళంచెవి, ఫోను అన్నీ పక్కన పెట్టి, అర మీటరు, మీటరు ఎడంతో దారం పట్టినట్టు సూటిగా నడవాలి. వెదురు పొదల్లో అట్ల నడవడం ఎంత కష్టమో మనకు చెప్పక్కర్లేదు.

మూడోది గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్. చిన్న బండి లాంటిది నేల మీద లాగుతూ పోతే రేడియో తరంగాలు కిందికి పోయి, తగిలిన చోట నుంచి తిరిగొస్తాయి. ఇసుక నేలలో బాగా చూస్తుంది. తడిసిన నల్లరేగడిలో తరంగాలు తొందరగా ఇంకిపోతాయి. నాలుగోది లైడార్. విమానం, డ్రోన్ నుంచి లక్షల లేజర్ చుక్కలు వదిలితే కొన్ని ఆకుల సందుల్లోంచి నేలదాకా చేరతాయి. చెట్లకు తగిలినవి తీసేస్తే అడవి కింద నేల గుండు చేసినట్టు కనిపిస్తుంది. టేకు ఆకు రాలిన ఎండాకాలమే దానికి మంచిది.

ఇవన్నీ ఖరీదైన యంత్రాలు. యంత్రం లేకుండా చేసేది కూడా ఉంది, నడక. కొలత పట్టి వరసగా నడుస్తూ, నేల మీద పెంకులు, చిట్టెం రాళ్లు, నూరుడు బండలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకోవడం. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ఉత్తర తెలంగాణలో ఇనుము, ఉక్కు తయారైన చోట్ల కోసం తిరిగాయి. చిట్టెం కుప్పలు, కొలిమి ముక్కలు చూసుకుంటూ 200కు పైగా చోట్లు నమోదు చేశారు. మన కాళ్ల కింద ఎంత చరిత్ర ఉందో దాంతో తెలిసింది. అదంతా ఎక్కువ భాగం కళ్లతో, కాళ్లతో, జీపీఎస్‌తో చేసిన పని.

బయట దేశాల్లో ఈ పద్ధతుల వల్ల ఏం తేలిందో రెండు ముక్కలు. ఉక్రెయిన్‌లో నెబెలివ్కా అనే చోట దాదాపు 6,000 ఏళ్ల కిందటి ఊరు ఉంది. పైన చూస్తే వట్టి చేను. మాగ్నెటోమీటర్‌తో నడిస్తే 1,400కు పైగా ఇళ్లు, వలయాలు వలయాలుగా, నడుమ ఖాళీ జాగా వదిలి కట్టినవి కనిపించాయి. కోట లేదు, రాజు గారి మేడ అని చెప్పదగ్గది లేదు. అంత పెద్ద ఊరు రాజు లేకుండా ఎట్ల నడిచిందని ఇప్పటికీ చర్చ సాగుతోంది. గుంపు పెద్దలు కూర్చుని తీర్పు చెప్పే ఊర్లలో పుట్టిన మనకు ఆ ప్రశ్న అంత వింతగా అనిపించదు.

ఇంకోటి అమెజాన్. అక్కడి అడవి ఎప్పుడూ మనుషులు పెద్దగా లేని అడవి అని చాలాకాలం రాశారు. ఈక్వెడార్‌లోని ఉపానో లోయలో లైడార్ పెట్టి చూస్తే 6,000కు పైగా మట్టి దిబ్బలు, వాటి మధ్య సూటిగా పోయే బాటలు, పొలాలు కనిపించాయి. 2024 జనవరిలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కొన్ని 2,500 ఏళ్ల కిందటివి. బ్రెజిల్‌లో షింగూ నది వైపు కుయికురో ఆదివాసీలు మైకేల్ హెకెన్‌బర్గర్ అనే పరిశోధకునితో కలిసి తమ పాత ఊర్ల కందకాలు, బాటలు, నడి బజార్లు మ్యాపు చేశారు. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసానికి రచయితలుగా ఇద్దరు కుయికురో వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. పొడవైన గొట్టం పేర్ల యంత్రాల కంటే మాకు ఈ సంగతి ఎక్కువ ధైర్యమిచ్చింది. అడవి చూపించడానికి వెంట పోయిన కూలీలుగా కాదు, రాసినవాళ్లుగా ఉన్నరు.

ఇవన్నీ చదివినంక మేం దామరవాయికి టేపు పట్టుకుని పోలేదు. అది అభయారణ్యం వైపు, అనుమతి కావాలి. పైగా అంతకంటే ముందు నేర్చుకోవాల్సింది వేరే ఉందనిపించింది. మాలో ఒకరి ఊరు నలభై ఏళ్ల కింద జాగా మారింది. పాత గూడెం ఉన్న చోట ఇప్పుడు వట్టి తుప్పలు, ఒక చింతచెట్టు, నాలుగు ఇప్పచెట్లు. ఊరు ఎట్ల మాయమైతదో తెలిసిన చోటే నేర్చుకుందామని అక్కడికి పోయినం. ముందు ఊరి పెద్దలను అడిగినం. వడ్డె తాత వేల్పు చెట్టు దగ్గర కోడిని కోసి, "ఏదీ ముట్టొద్దు, ఏదీ తేవొద్దు, చూసి రాండ్రి" అన్నడు. అంతకంటే మంచి సర్వే నియమం మాకు ఏ పుస్తకంలో దొరకలేదు.

ఫోను జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తది. ఇల్లే అంత ఉంటది, అది పనికి రాదు. అందుకే చింతచెట్టు మొదలును గుర్తుగా పెట్టుకుని, టేపుతో పది మీటర్లకు ఒక గీత కొట్టినం. పాత చీర పేలికలు కట్టిన పుల్లలు పాతినం. వరసకు ఇద్దరు నడిచినం. పెంకు కనిపిస్తే వంగి చూసి, నోటుబుక్కులో రాసి, అక్కడనే వదిలేసినం. రెండు రోజులు పట్టింది.

గోడలు ఏం లేవు. వెదురు తడికెలు, మట్టి పూత, గడ్డి కప్పు, అన్నీ నేలలో కలిసినయి. నిట్టాళ్లను ఊరు కదిలినప్పుడే పీకి తీసుకపోయిన్రట. కళ్లతో చూస్తే అక్కడ ఊరు ఉండేదని ఎవరూ చెప్పలేరు. కానీ నోటుబుక్కులో చుక్కలు పెట్టి కలిపితే పెంకులు ఆరు కుప్పలుగా వచ్చినయి. ఒక మూల మట్టి బూడిద రంగులో, మెత్తగా, గడ్డి మిగతా చోటికంటే ముదురు పచ్చగా ఉంది. మాతో వచ్చిన అవ్వ ఆ కాగితం చూడకముందే చేతికర్రతో చూపించింది, "గది దొడ్డి. గీడ మా అత్తది, గాడ మా చిన్నమామది." ఇళ్లు ఏడు అన్నది. మాకు దొరికినయి ఆరు. ఏడో ఇల్లు ఎవరిదంటే, "పెండ్లయి ఏడాది కాలె, గంతల ఊరే లేచింది" అన్నది. ఏడాది కూడా నిండని కాపురం, పగిలిన కుండలు ఎన్ని ఉంటయి?

మాకు అక్కడ అర్థమైంది ఇది. నలభై ఏళ్లకే గోడ గుర్తు కూడా మిగలని ఊరు మనది. అదే మనుషులు చచ్చినవాళ్లకు రాయి పెడితే వేల ఏళ్లు ఉంటుంది. కాబట్టి రాతి గూళ్లు కనిపించి ఊరు కనిపించకపోవడం అంటే ఊరు లేదని కాదు. కట్టెతో, మట్టితో కట్టిన ఊరు కళ్లకు కనిపించదు, అంతే. కానీ పొయ్యి కింద కాలిన మట్టి ఉంటుంది. దొడ్డి మట్టిలో పేడ వల్ల ఫాస్ఫేటు ఎక్కువ ఉంటుంది. మైదాన ప్రాంతపు రైతులు పాటిగడ్డ మట్టి బండ్లకెత్తుకుని చేనుకు తోలేది ఎందుకు? పాత ఊరి మట్టిలో సత్తువ ఉంటుందని. ఆ సత్తువనే ల్యాబులో కొలిస్తే పాత ఊరి హద్దు దొరుకుతుంది. పాలమూరు వైపు ఉట్నూరులో, అంటే మన ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, 1957లో ఆల్చిన్ అనే ఆయన ఒక బూడిద దిబ్బను తవ్వాడు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అది. కంచె గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి. కట్టె పోయినా కట్టె నిలబడ్డ గుంత పోలేదు.

ఇక అసలు చిక్కు. మాలోనే ఒక తమ్ముడు అడిగిండు, "అన్నా, దామరవాయి గుళ్లు మన తాతలవే అని రాద్దామా?" మేం ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నం. భద్రాచలం వైపు కోయలు చచ్చినవాళ్ల పేరు మీద రాయి నిలబెట్టి ఆవు తోక కట్టే పద్ధతి ఉందని నూరేళ్ల కిందటి పుస్తకాల్లోనే ఉంది. మన గట్ల కథలు డోలీలు పాడతరు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు ఆ పాటలను మోసుకొచ్చినవాళ్లలో ఒకరు. ఇవన్నీ ఉన్నా, రాయి నిలబెట్టే అలవాటు ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటే అని తేలదు. మాగ్నెటోమీటర్ పొయ్యిని చూపిస్తుంది, పొయ్యి ముందు కూర్చున్నవాళ్లు ఏ భాష మాట్లాడిన్రో చెప్పదు. వయసు కూడా అది చెప్పదు. దానికి చిన్న గుంత తీసి బొగ్గు ముక్క పరీక్షకు పంపాలి. సర్వే చేసే మేలు ఏమిటంటే, ఆ గుంత ఎక్కడ తీయాలో చెబుతుంది. గుట్టంతా తవ్వే పని లేకుండా ఒక్క మీటరుతో సరిపోతుంది.

మనం "మావే" అని ఆధారం లేకుండా రాస్తే ఫెర్గూసన్ చేసిందే మనమూ చేసినట్టు. అదే మాట అవతలివాళ్లకూ వర్తిస్తుంది. "మీరు మొన్న వచ్చిన్రు, ఇక్కడ మీ ఊరు ఎప్పుడూ లేదు" అనేవాళ్ల దగ్గర ఏ సర్వే ఉంది? ఒక ఆఫీసులో మా మిత్రుని ఊరివాళ్లకు ఇదే మాట చెప్పిన్రు, పాత గూడెం జాగాలో ఊరు ఉన్న దాఖలా లేదని. కనిపించని ఊరిని లేని ఊరు అని రాయడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

ఇక్కడే ఈ చదువు మనకు కడుపు కూడు సంగతి అవుతుంది. అటవీ హక్కుల చట్టం 2006 కింద వచ్చిన 2008 నిబంధనల్లో 13వది చదవండి. పాత బావులు, సమాధుల చోట్లు, దేవుని జాగాలు ఆధారాలుగా పనికొస్తాయి. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కాక వేరే పెద్దమనుషులు చెప్పింది రాసిపెట్టినా ఆధారమే. 2012 సవరణ ప్రకారం శాటిలైట్ ఫోటో మిగతా ఆధారాలకు తోడుగా ఉండొచ్చు గాని వాటి బదులుగా దాన్నే పట్టుకోకూడదు. మేం గీసిన కాగితం, అవ్వ చెప్పిన మాటలు రాసి వేలిముద్ర తీసుకున్న కాగితం, రెండూ ఆ ఊరి గ్రామసభ ఫైలులో పెట్టినం. ఇంకా తేలలేదు. తేలినా తేలకపోయినా "దాఖలా లేదు" అనే మాట ఇప్పుడు అంత తేలిగ్గా అనలేరు.

ఒక జాగ్రత్త. తవ్వకుండా చేసే సర్వే వల్ల నేలకు దెబ్బ తగలదు గాని, దాని మ్యాపు చెయ్యి మారితే దెబ్బ తగులుతుంది. ఎక్కడ ఏముందో అడుగులతో సహా నెట్‌లో పెడితే నిధుల వేటగాళ్లకు మనమే దారి చూపినట్టు. అందుకే మా మిత్రుని ఊరి పేరు ఇక్కడ రాయలేదు. మీరు కూడా రాతి గూళ్ల దగ్గర ఫోటో దిగితే లొకేషన్ ఆపేయండి. డ్రోన్ ఎగరేయాలంటే అనుమతి ఉండాలి. బయటి నుంచి పరిశోధకులు వస్తే మూడు మాటలు అడగండి. గ్రామసభకు చెప్పారా? మ్యాపు ఎవరి దగ్గర ఉంటుంది? వ్యాసంలో మా ఊరివాళ్ల పేర్లు ఉంటాయా?

ఈ ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లను, "మన పాత ఊరు ఎక్కడ ఉండె?" అని అడగండి. ఒంటిగా కాదు, ఇద్దరు ముగ్గురు పెద్దలను కలిపి కూర్చోబెట్టి. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటే రెండూ రాయండి. వాళ్లు వస్తానంటే అక్కడికి తీసుకపోండి. ఎవరి ఇల్లు ఎక్కడ, దొడ్డి ఎక్కడ, నీళ్ల చెలమ ఎక్కడ, పీనుగులను ఎటు తీసుకపోయేటోళ్లు, అన్నీ ఒక కాగితం మీద గీయండి. తేదీ వేసి, చెప్పినవాళ్ల పేరు రాసి, గ్రామసభ పెద్దల దగ్గర ఒక కాపీ ఉంచండి. మాగ్నెటోమీటర్ రేపో ఎల్లుండో ఏదో ఒక యూనివర్సిటీ తెస్తుంది. అది ఎన్నేళ్లయినా మనకోసం ఆగుతుంది, నేల కూడా ఆగుతుంది. మాకు దొడ్డి చూపించిన అవ్వకు ఎనభై దాటినయి.